మన్రో దొర, మెట్ట రైతు పాతర

మన బడి పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సంచికకు మన సీమకు చెందిన ఒక ప్రసిద్ధ వ్యక్తి జీవితం రాయమని కమిటీవారు అడిగారు. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి గురించి, గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారి గురించి, కరువులో గంజి పోసిన బుడ్డా వెంగళరెడ్డి గురించి మన మిత్రులు ఇంతకుముందు సంచికల్లో బాగానే రాశారు. నేను ఎంచుకున్న మనిషి మన సీమలో పుట్టినవాడు కాదు. చచ్చిపోయింది మాత్రం మన పత్తికొండలోనే. ఆయన మన రైతుల దగ్గర పన్ను వసూలు చేయడానికి వచ్చినవాడు. అయినా ఒకప్పుడు మన పల్లెల్లో పిల్లలకు మన్రోలప్ప అని ఆయన పేరు పెట్టుకున్నారు. పన్ను కట్టించుకున్నవాడి పేరును పన్ను కట్టినవాళ్ళు బిడ్డలకు పెట్టుకోవడం లోకంలో అరుదు. ఆ చిత్రమేమిటో తెలుసుకోవాలని చాలాకాలంగా చదువుతున్నాను. చదివినకొద్దీ ఆయన మీద గౌరవమూ పెరిగింది, కోపమూ పెరిగింది. రెండూ దాచుకోకుండా రాస్తాను.

మనలో సగంమందిమి రైతుబిడ్డలం. జొన్న పాతర ఎరగని ఇల్లు మన తాతల కాలంలో లేదు. వీధి మధ్యలోనో, ఇంటి ముందరో గుండ్రంగా గొయ్యి తవ్వి, లోపల గడ్డి పరిచి, జొన్నలు నింపి, పైన మన్ను కప్పేసేవారు. పాతర తీసిన రోజు లోపలి ఆవిరి పోయేదాకా దిగకూడదని పిల్లల్ని అరిచేవారు. పాతర అంటే తిండిగింజల దాపు మాత్రమే కాదు. పంట చేతికొచ్చిన మాఘ ఫాల్గుణాల్లో ధర నేల మీద ఉంటుంది, ఆషాఢ శ్రావణాల్లో లేస్తుంది. ఆ నాలుగైదు నెలలు గింజను ఆపగలిగినవాడే రైతు, ఆపలేనివాడు కూలి. గింజను ఆపనివ్వకుండా చేసేది ఎవరు? ఈ కాలంలో మందుల అంగడి బాకీ, బ్యాంకు నోటీసు. ఆ కాలంలో కందాయం.

కందాయం నగదులో కట్టాలి. నగదు కావాలంటే గింజ అమ్మాలి. కిస్తు గడువు ఊళ్ళో అందరికీ ఒకటే కాబట్టి అందరూ ఒకేసారి అమ్మాలి. అందరూ ఒకేసారి సంతకు పోతే సాహుకారు ఎంతంటే అంత. సర్కారు ఈ ధరకే అమ్మాలని తాఖీదు ఇవ్వనక్కరలేదు, కిస్తు తేదీ వేస్తే చాలు. తక్కువ ధరకు అమ్మించే పద్ధతుల్లో అన్నిటికంటే పాతది, అన్నిటికంటే నిశ్శబ్దమైనది ఇదే. మన రైతు దానికి ఎట్లా ఎదురు నిలిచాడు, ఆ ఎదురును ఎవరు చూశారు, చూసి ఏం చేశారు అన్నదే థామస్ మన్రో కథలో మనకు పనికొచ్చే భాగం.

ఆయన 1761 మే 27న స్కాట్లండులోని గ్లాస్గో పట్నంలో పుట్టాడు. తండ్రి అలెగ్జాండర్ మన్రో అమెరికాలోని వర్జీనియాతో వర్తకం చేసేవాడు. అమెరికా తిరుగుబాటు రాగానే ఆ వర్తకం మునిగింది, ఇల్లు చితికింది. చదువు మీద ప్రాణం ఉన్న కుర్రవాడు. డాన్ క్విక్సోట్ చదవాలన్న కోరికతో తనకు తానే స్పానిష్ భాష నేర్చుకున్నాడంటారు. చెవి కొంచెం మందం. 1780 జనవరిలో మద్రాసులో దిగినప్పుడు ఆయన కంపెనీ పటాలంలో మామూలు క్యాడెట్టు. ఆ ఏడే హైదరలీ కర్ణాటకం మీద పడ్డాడు. ఆ యుద్ధంలోనూ, తరువాత టిప్పుతో జరిగిన యుద్ధంలోనూ ఈయన పనిచేశాడు.

యుద్ధాల వివరాలు ఇక్కడ మనకు అక్కరలేదు. సిపాయిల మధ్య తిరుగుతూ ఈ దేశపు మాటలు నేర్చుకోవడం మాత్రం చెప్పుకోవాలి. పారసీలో దొరికిన ఒక పాత కథను ఆయన ఇంగ్లీషు చేసి స్వదేశానికి పంపాడు. అప్పిచ్చినవాడు బాకీ కింద ఒంటి మాంసం అడిగే కథ. మనం ఇంగ్లీషు పీరియడులో చదువుకున్న మర్చంట్ ఆఫ్ వెనిస్ కథకు అది దగ్గరి చుట్టమని షేక్‌స్పియర్ పండితుడు మెలోన్ దాన్ని అచ్చువేశాడు. బాకీ కాగితం మనిషిని ఎక్కడిదాకా తీసుకుపోతుందో ఆ తరువాత ఆయన కళ్ళారా చూడవలసి వచ్చింది.

1792లో టిప్పు వదులుకున్న బారామహల్ సీమకు, అంటే ఇప్పటి సేలం వైపుకు, కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ కింద పన్నుల పనికి వెళ్ళాడు. ఏడేళ్ళు అక్కడే. జమీందారునో గుత్తదారునో మధ్యలో పెట్టకుండా, చేను దున్నేవాడి పేరనే పట్టా ఇచ్చి వాడి దగ్గరే శిస్తు తీసుకునే రైత్వారీ అక్కడ రూపు కట్టింది. తరువాత కొంతకాలం కన్నడ తీరంలో కలెక్టరు. ఆ పైన మన దగ్గరకు వచ్చాడు.

1800 అక్టోబరులో నిజాం తన రక్షణకు ఉంచిన కంపెనీ సైన్యం ఖర్చు కింద బళ్ళారి, కడప ప్రాంతాలను కంపెనీకి రాసిచ్చాడు. అందుకే దత్త మండలాలు అన్నారు. రాయలసీమ అన్న పేరు 1928లో నంద్యాల సభలో ఖాయమయ్యేదాకా మనం దత్త మండలాలవాళ్ళమే. కర్నూలు పట్నం, దాని చుట్టూ ఉన్న భాగం మాత్రం 1839 దాకా నవాబుల చేతిలోనే ఉంది. కోయిలకుంట్ల, కంభం వైపు అప్పుడు కడపకు, ఆదోని, పత్తికొండ వైపు బళ్ళారికి చేరి ఉండేవి. ఈ మొత్తానికి ప్రిన్సిపల్ కలెక్టరుగా మన్రో వచ్చాడు. ఆయన కింద నలుగురు సబ్ కలెక్టర్లు. అప్పటికి ఆయన వయసు 39.

వచ్చి చూస్తే సీమంతా కోటలే. ఎనభైమంది దాకా పాలెగాళ్ళు, వాళ్ళ కింద వేలకొద్దీ ఆయుధాలు పట్టినవాళ్ళు. ప్రతి ఊరికీ బురుజు, గోడ. నిజాం మనుషులు పన్నుకు వస్తే తలుపులు మూసి పైనుంచి తుపాకులు పేల్చడం అలవాటు. పాలెగాళ్ళను మన్రో కనికరం లేకుండా అణిచాడు. కోటలు పడగొట్టించి, కొందరికి పింఛను ఇచ్చి, కొందరిని వెళ్ళగొట్టి, నాలుగైదేళ్ళలో ఆ వ్యవస్థ నడుం విరిచాడు. ఆ తీరు మరీ కఠినంగా, న్యాయం తప్పి ఉందని లండనులోని కంపెనీ డైరెక్టర్లే ఆక్షేపించారు. ఆయన తన పని సరైనదేనని గట్టిగా జవాబు రాశాడు. నొస్సం పాలెగారు జయరామిరెడ్డి అధికారం పోయిందీ ఈ కాలంలోనే. ఆ కుటుంబంవాడే, కూతురి వైపు మనుమడు, 1846లో లేచిన నరసింహారెడ్డి. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్ల దగ్గర ఆయనను ఉరి తీశారు. మన్రో వేసిన ముడికి మూడో తరంలో పడిన మెడ అది.

పాలెగాళ్ళ సంగతి అందరూ చెబుతారు. రైతుల సంగతి, అందులోనూ తెర్నేకల్లు సంగతి తక్కువమందికి తెలుసు. దేవనకొండ దగ్గరి ఊరు. 1801లో, కంపెనీ పాలన వచ్చి ఏడాది తిరగ్గానే, కందాయం కోసం వచ్చిన సర్కారు ఉద్యోగిని ఆ ఊరివాళ్ళు చంపేశారు. ముందు నిలిచినవాడు ఊరి పెద్ద ముత్తుకూరి గౌడప్ప. ఊరి కోట తలుపులు మూసుకున్నారు. డిసెంబరులో పటాలం వచ్చింది. మొదటి దాడి విఫలమైంది, వచ్చినవాళ్ళు నష్టపోయి వెనక్కి తగ్గారు. బలగం పెంచుకుని మళ్ళీ వచ్చి కోట పట్టుకున్నారు. గౌడప్పను ఉరి తీశారు. పాలెగాడి కోట కాదు, రాజ్యం కాదు. జొన్నలు, కొర్రలు పండించే ఊరు కంపెనీ ఫిరంగుల ముందు ఒకసారైనా నిలిచింది. నరసింహారెడ్డికి నలభై అయిదేళ్ళ ముందు సంగతి. బళ్ళో మనకు ఎవరూ చెప్పలేదు. పాఠ్యపుస్తకంలో లేదు కాబట్టి అయ్యవార్లను అనడానికీ లేదు.

తెర్నేకల్లు తరువాత అంత బాహాటంగా ఎదురు తిరిగిన ఊళ్ళు తక్కువే. కానీ ఎదురు ఆగలేదు, రూపం మార్చుకుంది. ఆ రూపం మన అందరికీ తెలిసిందే, ఇప్పటికీ నడుస్తున్నదే. జమాబందీకి కచేరీ చేరినప్పుడు రైతులు ముందు రోజంతా కూర్చుని గోడు చెప్పేవారు. వాన లేదు, ఎద్దు చచ్చింది, బావి ఊట తగ్గింది. ఉన్నది దాచేవారు, లేనిది చూపించేవారు. రెడ్డి, కరణం కలిసి ఊరి లెక్కను తగ్గించేవారు. అది కుదరకపోతే చివరి మాట ఒకటుంది: ఈ రేటుకు మాకొద్దు, చేను మీరే ఉంచుకోండి. పట్టా వదిలేసి, సామాను బండికెత్తి, ఏరు దాటి నవాబు సీమకో నిజాం సీమకో పోయేవారు. అప్పట్లో భూమికి కరువు లేదు, దున్నేవాడికే కరువు. అందుకే ఆ బెదిరింపుకు విలువ ఉండేది. బీడుపడిన చేను కంపెనీకి ఒక వరహా కూడా ఇవ్వదు.

మన్రోకు ఇదంతా కంఠపాఠం. కచేరీ గుడారం ముందు పొద్దున్నుంచి జనం ఉండేవారు, ఆయన వినేవాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎక్కువకాలం గుడారాల్లోనే గడిపి ఊరూరా తిరిగాడు. ఒక ఊరి లెక్క ఆ ఊరివాళ్ళు సరిగా చెప్పరని పక్క ఊరి రెడ్లను, కరణాలను పిలిపించి వాళ్ళ చేత అంచనా కట్టించేవాడు. వాళ్ళు తగ్గించి చెబితే మరో ఊరివాళ్ళు. మనవాళ్ళ ఐకమత్యానికి ఆయన కనిపెట్టిన విరుగుడు ఇది. తెలివైన పని, కానీ మంచి పని అని నేను అనలేను. ఊళ్ళ మధ్య అప్పుడు పడిన పగలు ఎన్నేళ్ళు మిగిలాయో ఎవరు లెక్కపెట్టారు?

1802లో సర్వే మొదలైంది. 33 అడుగుల గొలుసు. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు ఉన్న చదరం ఒక గుంట, నలభై గుంటలు ఒక ఎకరం. మన నాయనలు గుంటల్లో చెప్పే లెక్క ఆ గొలుసు నుంచే పాకింది. నల్లరేగడి, ఎర్ర నేల, గరుసు, ఇసుకపర్ర అని నేలను తరాలుగా విడగొట్టి, మెట్టకు ఒకటి, తరికి ఒకటి, తోటకు ఒకటి చొప్పున రేట్లు కట్టారు. 1806 నాటికి దత్త మండలాలంతా కొలిచేశారు. ఇంత పెద్ద సీమను చేను చేనుకూ కొలిచిన పని అంతకుముందు కంపెనీ పాలనలో ఎక్కడా లేదు. ఆ పని చేసింది ఎక్కువగా మన దేశపు గుమాస్తాలే.

ఇక లెక్కకు వద్దాం. మన్రో ఉన్న ఏడేళ్ళలో ఈ సీమ శిస్తు దాదాపు 4 లక్షల పౌండ్ల నుంచి 6 లక్షల పౌండ్లు దాటింది. ఏడేళ్ళలో సగానికి సగం పెరుగుదల. ఆ ఏడేళ్ళూ వానలు కుండపోతగా పడ్డాయా అంటే లేదు, మధ్యలో కరువేళ్ళు ఉన్నాయి. పాలెగాళ్ళు, దోపిడులు అణిగి సాగు పెరిగిన మాట నిజం, తక్కావీ అప్పులు ఇచ్చి ఎద్దులు కొనిపించిన మాటా నిజం. కానీ చేను వద్దన్నవాడి చేత బలవంతంగా సాగు చేయించారు. ఊళ్ళో ఒకడు కట్టలేక పారిపోతే, వాడి బాకీలో కొంతవరకు, నూటికి పది దాకా, మిగిలిన ఊరి మీద వేశారు. కష్టపడి కట్టినవాడికి పారిపోయినవాడి భారం. ఆయన పేరు బిడ్డలకు పెట్టుకున్న తాతలు ఇది మరిచిపోయారని నేను అనుకోను. అంతకుముందు చూసినవాళ్ళు ఇంకా అధ్వాన్నం అయి ఉండాలి.

ఆయనను మామూలు వసూలుదార్ల నుంచి వేరు చేసింది 1807 ఆగస్టు 15 నాటి నివేదిక. అవును, తేదీ అదే. ఆ నివేదికలో ఆయన తాను కట్టిన రేట్లనే తప్పుపట్టాడు. ఇప్పుడున్న శిస్తు పంటలో నూటికి 45 వంతులకు వస్తోంది, దాని మీద రైతుకు ఏమీ మిగలదు, భూమికి అమ్మకపు విలువే రాదు, మూడో వంతుకు దించాలి అన్నాడు. అందుకు మొత్తం మీద నూటికి 25, బావి, చెరువు కింది సాగుకు ఇంకో 8 తగ్గించమని సిఫారసు చేశాడు. రైతు తనకు ఇష్టమైన చేను ఉంచుకుని, కానిది వదిలేసే స్వేచ్ఛ ఇవ్వాలన్నాడు. ఏ బెదిరింపుతో మనవాళ్ళు ఆయనను ఏడేళ్ళు ఇబ్బంది పెట్టారో ఆ బెదిరింపునే హక్కుగా రాయమన్నాడు. మన రైతులు గెలిచిన కచేరీ ఏదైనా ఉందంటే అది ఇదేనని నాకు అనిపిస్తుంది. ఏడేళ్ళు ఎదురుగా కూర్చుని గోడు చెప్పి చెప్పి, చివరకు కలెక్టరు చేతనే రాయించారు.

రాయించారు గాని, పైవాళ్ళు ఒప్పుకోలేదు. ఖజానాకు డబ్బు కావాలి, యుద్ధాలున్నాయి. మన్రో ఆ ఏడు సెలవు మీద, వచ్చిన 27 ఏళ్ళకు మొదటిసారి, స్వదేశానికి ఓడ ఎక్కాడు. ఆయన అటు పోగానే ఇటు రైత్వారీని తీసేసి ఊళ్ళకు ఊళ్ళు గుత్తకు ఇచ్చారు. మొదట మూడేళ్ళ గుత్త, తరువాత పదేళ్ళ గుత్త. తగ్గించాలన్న రేటు తగ్గించకుండానే ఆ మొత్తాన్ని గుత్తదారు నెత్తిన పెట్టారు. గుత్తదారు దాన్ని రైతు నెత్తిన పెట్టాడు. రైతుకు కచేరీలో గోడు చెప్పుకునే దారి కూడా పోయింది. కళ్ళం మీద రాశి ఉండగానే గుత్తదారు మనిషి వచ్చి కూర్చునేవాడు. పాతరకు చేరే గింజ ఎంత? గుత్తదారుల్లోనూ చాలామంది దివాలా తీశారు, కొందరు జైలుకు పోయారు. ఈ కాలమే మన సీమ రైతు నడ్డి విరిగిన కాలమని చరిత్రకారులు రాశారు.

లండనులో మన్రో ఖాళీగా లేడు. కంపెనీ సనదు కొత్తగా ఇచ్చే సందర్భంలో 1813లో పార్లమెంటు కమిటీ ముందు సాక్ష్యం చెప్పాడు. అక్కడ ఆయన చెప్పిన ఒక సంగతి మన విషయానికి నేరుగా తగులుతుంది. బారామహల్‌లో కంపెనీ వర్తకపు ఉద్యోగులు ముఖ్యమైన నేతగాళ్ళను ఒకచోట చేర్చి, కంపెనీకి తప్ప ఇంకెవరికీ బట్ట ఇవ్వమని ఒప్పుకుని రాసిచ్చేదాకా చుట్టూ కాపలా పెట్టేవారని చెప్పాడు. బయట ఎక్కువ ధర ఇచ్చేవాడు ఉన్నా ఇవ్వకూడదు. ఒకసారి బయానా పుచ్చుకున్న నేతగాడు ఆ ఉచ్చులోంచి బయటపడటం గగనం. ఆలస్యమైతే ఇంటి ముందు బంట్రోతు, ఆ బంట్రోతు ఖర్చు కూడా నేతగాడిదే. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు మగ్గాల ఇళ్ళలో పుట్టిన మన మిత్రులకు ఇది వివరించనక్కరలేదు. రైతుకు కిస్తు ఎట్లాగో నేతగాడికి బయానా అట్లా. ఒకడిని తేదీ కట్టేస్తుంది, ఇంకొకడిని ముందు పుచ్చుకున్న రూపాయి కట్టేస్తుంది. ఇద్దరూ సంతలో నిలబడి ధర అడగలేరు.

ఆ సాక్ష్యంలోనే ఇంగ్లీషు బట్ట ఇండియాలో అమ్ముడు పోతుందా అని అడిగితే, అక్కడి నేత ఇక్కడిదానికంటే మేలైనదని, తన దగ్గరున్న ఇండియా శాలువాను ఏడేళ్ళు వాడినా చెక్కుచెదరలేదని, ఇంగ్లీషు శాలువాను ఊరికే ఇచ్చినా తాను వాడనని చెప్పాడు. నాగరికత అనేది రెండు దేశాల మధ్య వర్తకపు సరుకయ్యే పక్షంలో దాన్ని దిగుమతి చేసుకుని బాగుపడేది ఇంగ్లండేనని కూడా అన్నాడు. ఆ సభలో ఆ మాట అనడానికి ధైర్యం కావాలి. ఆయన చెప్పినదాంట్లో నిలవనిది ఒకటే, మిల్లు బట్ట రానే వచ్చింది, మన మగ్గం పడిపోనే పోయింది.

1814లో జేన్ క్యాంప్‌బెల్‌ను పెళ్ళాడి తిరిగి మద్రాసు వచ్చాడు. కోర్టుల సంస్కరణకు వేసిన కమిషనుకు పెద్ద. 1816 చట్టాలతో గ్రామ మునసబుకు చిన్న తగాదాలు తీర్చే అధికారం వచ్చింది, పంచాయితీకి గుర్తింపు వచ్చింది. 1817, 18ల్లో మరాఠా యుద్ధంలో కొద్దిపాటి బలగంతో, ఎక్కువగా ఊళ్ళ బంట్రోతులను చేర్చుకుని దక్షిణ మరాఠా సీమ పట్టాడు. మళ్ళీ ఒకసారి స్వదేశానికి వెళ్ళి, 1820 జూనులో మద్రాసు గవర్నరుగా వచ్చాడు. క్యాడెట్టుగా దిగిన రేవులోనే నలభై ఏళ్ళకు గవర్నరుగా దిగడం.

గవర్నరు కాగానే దత్త మండలాల బాకీ గుర్తుపెట్టుకున్నాడు. గుత్తలు పోయాయి, రైత్వారీ మళ్ళీ వచ్చింది. 1807లో తాను అడిగిన తగ్గింపును, మెట్టకు, తరికి నూటికి 25, తోటలకు నూటికి 33, ఇప్పుడు తానే ఇచ్చాడు. చేను పట్టుకోవడం, వదిలేయడం రైతు ఇష్టం అయింది. పదమూడేళ్ళు ఆలస్యం. ఆ పదమూడేళ్ళలో చేతులు మారిన చేలు, వలసపోయిన ఇళ్ళు తిరిగి రాలేదు. తగ్గించిన రేటు కూడా ఇప్పటి మన లెక్కకు భరించలేనంత ఎక్కువే. ఆయన పోయిన తరువాత దశాబ్దాల్లో గింజ ధరలు పడిపోయి, నగదులో కట్టే శిస్తు అట్లాగే నిలిచినప్పుడు, అదే తగ్గింపు చాలకుండా పోయింది. ధర పడితే శిస్తు తగ్గే ఏర్పాటు రైత్వారీలో లేదు. మన్రో కట్టిన ఇంటికి ఇదొక పెద్ద బెజ్జం. ఉల్లి ధర కర్నూలు యార్డులో పడిపోయిన ఏడు కౌలు మాత్రం పడిపోదని ఎరిగిన మనకు ఇది కొత్త కాదు.

బడి సంచిక కాబట్టి ఒక్కమాట చదువు గురించి. 1822 జూన్‌లో మన్రో అన్ని జిల్లాల కలెక్టర్లకు ఒక ఉత్తరువు పంపాడు. మీ జిల్లాలో ఎన్ని బడులున్నాయి, ఎంతమంది పిల్లలు, ఏ కులాలవాళ్ళు, ఏం చదువుతున్నారు, అయ్యవారికి ఏం ఇస్తున్నారు అని. జవాబులన్నీ కూడితే రాజధాని మొత్తం మీద 12,498 బడులు, 1,88,650 మంది పిల్లలు తేలారు. కడప జిల్లాలో 494 బడులు. బళ్ళారి కలెక్టరు క్యాంప్‌బెల్ తన జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు అని రాసి, ఊరుకోకుండా కారణం కూడా రాశాడు. ఒకప్పుడు ఇంతకంటే ఎక్కువ ఉండేవి, దేశం పేదదైపోయింది, ఇంగ్లండు బట్ట వచ్చి మగ్గాల పని పోయింది, పిల్లాడు కాస్త ఎదిగితే పనికి పంపుతున్నారు అని. గింజ ధరకూ, మగ్గం కూలికీ, బళ్ళో పలకకూ ఉన్న లంకెను అంత స్పష్టంగా ఒక సర్కారు కాగితం మీద చూసినప్పుడు నేను చాలాసేపు ఆ పుట తిప్పలేదు. ఇసుకలో వేలితో ఓనమాలు దిద్దిన ఆ వీధి బడులే మన బడికి ముత్తాతలు.

ఆ లెక్కల మీద 1826 మార్చి 10న మన్రో ఒక పథకం రాశాడు. జిల్లాకు రెండు పెద్ద బడులు, తహసీలుకు ఒక బడి, అయ్యవార్లకు సర్కారు జీతం, మద్రాసులో ఉపాధ్యాయులకు శిక్షణ. పూర్తిగా నడిచేదాకా ఆయన బతకలేదు. తరువాత వచ్చినవాళ్ళు దాన్ని నడవనివ్వలేదు.

పదవి వదిలి వెళ్ళిపోవాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాడు. బర్మా యుద్ధం వచ్చి ఆగాడు. 1826లో జబ్బుపడిన చిన్న కొడుకును తీసుకుని భార్య ఇంగ్లండు వెళ్ళిపోయింది. బదులు గవర్నరు వచ్చేలోగా దత్త మండలాలను ఒకసారి చూసిపోవాలని 1827 వేసవిలో మద్రాసు నుంచి బయల్దేరాడు. అందరూ వద్దన్నారు. ఎండలు, ఆపైన కలరా. గుత్తి దగ్గర విడిదిలోనే కలరా కనిపించింది, వెంట వచ్చిన మనుషులు కొందరు పోయారు. జూలై 6న పత్తికొండ చేరారు. పొద్దున ఆయనకే తగిలింది. రాత్రికి పోయాడు. 66 ఏళ్ళు. శవాన్ని గుత్తికి తీసుకుపోయి పాతిపెట్టి, 1831లో అక్కడినుంచి మద్రాసు కోటలోని సెయింట్ మేరీ గుడికి మార్చారు. గుత్తిలో ఆయన పేర సత్రం కట్టారు, పత్తికొండలో బావి తవ్వించి తోపు వేశారు. మద్రాసులో షాంట్రీ చెక్కిన గుర్రపు విగ్రహం ఉంది, జీను లేదు, రికాబులు లేవు. శిల్పి మరిచిపోయాడని జనం చెప్పుకుంటారు.

సర్కారు రాతిలో కట్టినది అది. మన జనం కథల్లో కట్టింది వేరు. కడప జిల్లాలో పాపాఘ్ని కొండను చీల్చుకుని వచ్చే గండి దగ్గర, శ్రీరాముడి కోసం వాయుదేవుడు కట్టిన బంగారు తోరణం ఉందని, చావు దగ్గరపడిన పుణ్యాత్ములకే కనబడుతుందని, మన్రో గుర్రం మీద పోతూ తల ఎత్తి ఆ తోరణం ఏమిటని అడిగాడని, పక్కనున్నవాళ్ళెవరికీ కనబడలేదని, ఆ తరువాత కొద్దికాలానికే పోయాడని చెబుతారు. మంత్రాలయంలో మఠం ఇనాం విచారణకు వచ్చినప్పుడు బృందావనం ముందు రాఘవేంద్రస్వామి ఆయనకొక్కడికే కనబడి మాట్లాడాడని, ఇనాం అట్లాగే ఉండనిచ్చాడని ఇంకో కథ. తిరుమలలో స్వామికి నైవేద్యం తెచ్చే పెద్ద పాత్రకు మన్రో గంగాళం అని ఇప్పటికీ పేరు. ఇందులో ఏది జరిగింది, ఏది జరగలేదు అని వాదించను. వేరే మతంవాడికి, పన్నులవాడికి మనవాళ్ళు దేవుడి దర్శనం ఇప్పించారు. మంత్రాలయం కథలో ఆయన చేసిన మేలు ఏమిటో గమనించండి: ఉన్న భూమిని ఉన్నవాడి దగ్గరే ఉండనిచ్చాడు.

తెర్నేకల్లులో ఉరికెక్కిన గౌడప్పకు సత్రం లేదు, తోపు లేదు. దేవనకొండ వైపు వెళ్ళే మన పూర్వ విద్యార్థులు ఎవరైనా ఆ ఊళ్ళో ఒకసారి ఆగి, కోట గోడ ఆనవాలు ఏమైనా మిగిలిందేమో చూసి, ఫొటో తీసి పంపితే వచ్చే సంచికలో వేద్దాం.